కట్టెల పొయ్యి దగ్గర ఏది అతికించాలి, ఏది బిగించాలి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల క్యాటరింగ్ వంటశాలల్లో, మెస్సుల్లో, పెరటి వంటిళ్ళలో కట్టెల పొయ్యి ఇంకా గట్టిగానే నడుస్తోంది. కొత్తగా కట్టినప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఆర్నెల్లు తిరక్కముందే వెనక గోడ టైలు ఊడుతుంది, పొగ గొట్టం క్లాంపు వదులై వేలాడుతుంది, ఇటుకల సందుల్లోంచి పొగ కారుతుంది. మేస్త్రి పనితనం బాగాలేదని అనుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు సరుకుది. ఆ చోట ఎంత వేడి పుడుతుందో చూడకుండా చేతికందిన గమ్మో, మిగిలిన సిమెంటో వాడేసి ఉంటారు.

పొయ్యి మండుతుండగా అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగిన చోటే గమ్మును నమ్మాలి. అంతకన్నా వేడిగా ఉండే చోట బరువు మోయాల్సింది ఇటుక, ఇనుము, బోల్టు. అక్కడ పూసే ముద్ద సందు మూయడానికి మాత్రమే, దేన్నీ నిలబెట్టడానికి కాదు. కింద చెప్పేదంతా దీన్ని ఒక్కోచోట ఎలా అమలుచేయాలన్నదే.

ముందు వేడి కొలవండి

నిప్పు నేరుగా తగిలే లోపలి ఇటుక ముఖం కట్టెల మంటకు 600 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. పొయ్యికి దగ్గరగా ఉన్న పొగ గొట్టం బయటి ముఖం మామూలు మంటలో 200 నుంచి 350. గొట్టంలో పేరుకున్న మసి, తారు అంటుకుంటే లోపల 1000 దగ్గరకు పోగలదు. బయటి గోడ వేడి దాని మందాన్ని బట్టి మారుతుంది. తొమ్మిది అంగుళాల గోడ బయట చెయ్యి పెట్టగలరు, నాలుగున్నర అంగుళాల గోడ గంటలతరబడి మండితే చురుక్కుమంటుంది.

కట్టిన పొయ్యి అయితే రెండు గంటలు నిండు మంట పెట్టాక కొలవండి. గన్నులా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. అయితే మెరిసే స్టీలు రేకు మీద అది అసలు వేడికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. రేకు మీద రూపాయి బిళ్ళంత మేర వేడికి తట్టుకునే నల్ల పెయింటు వేసి, ఆరాక ఆ మచ్చనే గురిచూసి కొలవాలి. మీటరు లేకపోతే నీటి చుక్క వేయండి. చుయ్యిమని ఆవిరైపోతే వంద దాటినట్టు. ఆవిరైపోకుండా ముత్యంలా దొర్లుతూ పోతే దాదాపు 200 దాటినట్టు. ఏ చోట ఎంత వచ్చిందో సుద్దముక్కతో గోడ మీదే రాసిపెట్టుకుంటే కొట్టుకు వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

మన ఊళ్ళో మేలో వంటశాల గాలే 45 దాటే రోజులుంటాయి. డబ్బా మీద 70 డిగ్రీలు అని ఉన్న గమ్ము అప్పటికే సగం దారి పోయినట్టు. అందుకని కొలత జనవరిలో తీస్తే దానికి ఇరవై కలుపుకోండి.

కొట్లో దొరికే గమ్ముల అసలు సత్తా

ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ము 60 దగ్గర మెత్తబడుతుంది. ఎంసీల్, ఆరల్డైట్ లాంటి మామూలు ఎపాక్సీలు 60–80 మధ్య పట్టు వదలడం మొదలుపెడతాయి. రాయిలా గట్టిగా ఉందని మోసపోకండి, చల్లారాక మళ్ళీ గట్టిపడుతుంది కాబట్టి అప్పుడు లోపం కనపడదు, వంట జరిగేటప్పుడే జారుతుంది. సందుల్లో కొట్టే నురుగు ఫోమ్ అయితే పొయ్యి గదిలోనే వద్దు. అది కాలుతుంది, కాలినప్పుడు వచ్చే పొగ విషం.

మామూలు తెల్ల సిలికాన్ 150 దాకా. ఇంజను గ్యాస్కెట్లకు వాడే ఎర్ర సిలికాన్ నిరంతరంగా 250 వరకు, కాసేపైతే 300 వరకు ఓర్చుకుంటుంది. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లలో ట్యూబుల్లో దొరుకుతుంది. దాని పని నీళ్ళు, గాలి, పొగ ఆపడం. నిప్పు కంటపడే చోటికి పనికిరాదు. పూసిన తర్వాత 24 గంటలు ఆగాకే వేడి చూపించాలి. గాలిలో తేమ తగిలితేనే అది గట్టిపడుతుంది.

టైలు అతికించే పొడి గమ్ముల్లో సిమెంటు ఆధారితమైనవి మాత్రమే పొయ్యి గోడకు వాడదగ్గవి, అదీ 70–80 లోపు. బకెట్లో రెడీగా వచ్చే పేస్టు రకం, ఎపాక్సీ గ్రౌటు రెండూ వద్దు. సంచి మీద ఐఎస్ 15477 (టైలు గమ్ముల భారతీయ ప్రమాణం) గుర్తుతో పాటు టైపు ఎంతో చూసి తీసుకోండి. వంగే గుణం ఉన్నవి వేడికి సాగే టైలును పట్టుకుంటాయి, మొండి సిమెంటు పేస్టు పట్టుకోదు.

మామూలు సిమెంటు మంటకు నిలుస్తుందనే భ్రమ చాలామందికి ఉంది. 300 దాటితే దాని బలం తగ్గుతూ వస్తుంది. 400–500 మధ్య అందులోని సున్నం నీటిని వదిలి పొడవుతుంది. తర్వాత వర్షాకాలంలో ఆ సున్నమే చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. సిమెంటుతో కట్టిన పొయ్యి వానల్లో పెళుసుబారి పొరలుగా రాలడానికి అదే కారణం.

నిప్పు తగిలే లోపలి పొర

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. లోపలికి ఫైర్ బ్రిక్ (మంటకు నిలిచే ఇటుక) వాడండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద పుణ్యమా అని మన దగ్గర ఫ్లైయాష్ ఇటుక సులువుగా, చవగ్గా దొరుకుతుంది. ఇంటి గోడలకు అది మంచి ఇటుక. కానీ దాన్ని కాల్చి తయారుచేయరు, సిమెంటు, సున్నం పట్టుతోనే అది నిలుస్తుంది. నిప్పు తగిలితే పైన చెప్పిన గతే. ఫ్లైయాష్ బయటి గోడకు పనికొస్తుంది, లోపలికి కాదు.

లోపల 450 మిల్లీమీటర్ల చదరం, 300 ఎత్తు ఉన్న అగ్గిగూడు కట్టాలంటే లెక్క ఇలా ఉంటుంది. ఫైర్ బ్రిక్ కొలత 230×115×75. నాలుగు వరసల గోడకు 40, అడుక్కి 8, కోతల్లో పోయేవి కలుపుకుని 54 తెచ్చుకోండి. సందు 2–3 మిల్లీమీటర్లకు మించకపోతే ఇటుకకు పావు కిలో చొప్పున 13–14 కిలోల మోర్టారు (ఇటుకలు అతికే ముద్ద) పడుతుంది, 25 కిలోలది ఒకటి సరిపోతుంది. సందు ఎనిమిది, పది మిల్లీమీటర్లు వేసే అలవాటున్న మేస్త్రికి ముందే చెప్పండి. ఇటుక నిప్పుకు నిలుస్తుంది, లావు మోర్టారే పగులుతుంది.

మోర్టారు ఏదన్నది ఇంకో పెద్ద పొరపాటు. కొట్లో ఫైర్ క్లే అని అడిగితే ఒట్టి మట్టి ఇస్తారు. దానికి గట్టి పట్టు రావాలంటే వెయ్యి డిగ్రీల పైన కాలాలి. కట్టెల పొయ్యి అంతదూరం పోదు కనుక అది జీవితాంతం ఎండిన మట్టిలాగే ఉండిపోతుంది. ఎయిర్ సెట్టింగ్ మోర్టారు అని అడగండి. సోడియం సిలికేటు కలిసిన ఈ రకం గాలికి ఆరినప్పుడే పట్టుకుంటుంది, మంటలోనూ ఆ పట్టు వదలదు. మూత తీసిన డబ్బా త్వరగా గట్టిపడుతుంది, వాడేంత తీసుకుని వెంటనే మూయండి.

కట్టేముందు ఇటుకను చీపురుతో దులిపి, నీళ్ళలో ముంచి తీసి, పైన తడి మెరుపు పోయాక వాడాలి. పొడి ఇటుక మోర్టారులోని నీటిని లాగేస్తుంది, పట్టు రాదు. నీళ్ళు కారే ఇటుక సందులో జారుతుంది. మోర్టారు మజ్జిగకన్నా చిక్కగా, తాపీ మీంచి ఆగి ఆగి జారేటట్టు కలపాలి. ఇటుక రెండు ముఖాలకూ పూసి, నొక్కి, కొయ్య సుత్తితో తట్టండి. అంచుల్లో అటూ ఇటూ పొంగి వస్తే సందు నిండినట్టు.

లోపలి ఫైర్ బ్రిక్ పొరను బయటి గోడకు అతికించకూడదు. వేడికి లోపలి పొర సాగుతుంది. 680 మిల్లీమీటర్ల బయటి కొలత ఉన్న గూడు 700 డిగ్రీలకు చేరితే రెండు మిల్లీమీటర్ల పైన పెరుగుతుంది. అతికించి ఉంటే ఆ బలమంతా బయటి గోడ మీద పడి నిలువుగా పగలగొడుతుంది. నాలుగు వైపులా పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, అందులో సెరామిక్ ఫైబర్ దుప్పటి (వేడిని ఆపే దూదిలాంటి పరుపు) వదులుగా దోపండి. ఇది దొరక్కపోతే మందపాటి అట్టముక్కలు పెట్టి కట్టేయొచ్చు. మొదటి మంటల్లో అట్ట మాడిపోయి దాని చోటు ఖాళీగా మిగులుతుంది. సెరామిక్ దుప్పటి కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

పొయ్యి మూతికి గుండ్రటి అంచు, వాలు పోత కావాలంటే కాస్టబుల్ (వేడికి నిలిచే అల్యూమినా సిమెంటుతో చేసిన పోత మిశ్రమం) పోస్తారు. దీనికి కలపాల్సిన నీళ్ళు సంచి మీద ఎంత రాసుంటే అంతే. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు ముద్ద చేసి అడుగు ఎత్తుకు ఎగరేసి పట్టుకోండి. చిట్లితే నీళ్ళు చాలలేదు. వేళ్ళ సందుల్లోంచి జారితే ఎక్కువైంది. ముద్దగా చేతిలో నిలిస్తే సరి. కలిపే గమేళాలో పాత సిమెంటు పెళ్ళ అంటుకుని ఉంటే ముందు గీకి కడగండి. అల్యూమినా సిమెంటులో మామూలు సిమెంటు కొద్దిగా కలిసినా పోత చేతిలోనే బిగుసుకుపోతుంది. పోసిన తర్వాత 24 గంటలు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. వేసవిలో తెల్లవారుజామునే పోత ముగించండి.

మట్టి పొయ్యి కట్టుకునేవాళ్ళకు ఇవేమీ అక్కర్లేదు. పుట్టమట్టి, ఇసుక, ఊక కలిపి తొక్కిన ముద్ద మంచిదే. ఊక కాలిపోయి మిగిల్చే సన్నని రంధ్రాలు పగుళ్ళను ఆపుతాయి. గుంటూరు వైపు నల్లరేగడి మాత్రం కలపొద్దు, ఎండితే బీటలు తీస్తుంది. రేగడి నేల మీద పొయ్యి కట్టినా ఇదే చిక్కు: వానాకాలం నేల ఉబ్బి, ఎండాకాలం కుంగి, పైన ఇటుకలు విడిపోతాయి. అప్పుడు ఎంత మంచి మోర్టారు పూసినా దండగ. కిందున్న రేగడి అడుగున్నర లోతు తవ్వి తీసేసి, ఇసుక నింపి దిమ్మిస కొట్టి, దాని మీద పలక పోసి మొదలుపెట్టాలి.

పొగ గొట్టం

ఆరంగుళాల గొట్టం రెండు మీటర్లు పొడవుంటే, చల్లగా ఉన్నది 300 దగ్గరకు వేడెక్కేసరికి మామూలు ఇనుము ఆరున్నర మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్ తొమ్మిది మిల్లీమీటర్లు సాగుతుంది. గోడకు రెండు చోట్లా బిగించేసిన గొట్టం ఈ పొడవును ఎక్కడ పెట్టుకుంటుంది? ఒక క్లాంపునో గోడనో పీకుతుంది. అందుకని కిందిది ఒక్కటే బిగుతుగా ఉంచి, పై క్లాంపులకు గుండ్రటి బెజ్జం బదులు పొడవాటి గాడి చేయించండి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12×25 గాడి సరిపోతుంది. గొట్టం క్లాంపులో జారాలి, అంటుకుపోకూడదు.

ముక్కలు కలిపేటప్పుడు పైముక్క సన్నటి మూతి కిందిముక్క లోపలికి దిగాలి. తిరగేసి కలిపితే లోపల కారే తారు నీరు సందులోంచి బయటికి వచ్చి గొట్టం పొడవునా నల్ల చారలు కడుతుంది. ఒక్కో కలయికకు మూడు స్టీలు స్క్రూలు సరిపోతాయి. అల్యూమినియం పాప్ రివెట్లు వద్దు, 200 దాటితే బలం పోతుంది. సందులో ఫైర్ సిమెంటు (వేడికి నిలిచే సందు ముద్ద) పల్చగా పూయండి. లావుగా పూసి వెంటనే మంట పెడితే పైపొర ముందు ఆరి, లోపలి నీరు ఆవిరై, బొబ్బలు లేస్తాయి. వేలితో నొక్కితే పెంకులా విరిగే ఆ బొబ్బల వెనక అసలు అతుకే ఉండదు. అన్నిటికన్నా పైన ఒక కలయికను స్క్రూలు లేకుండా జారే రకంగా వదిలి, చుట్టూ సెరామిక్ తాడు మెలిపెట్టండి.

జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొట్టం పొయ్యికి ఆనుకుని ఉండే మొదటి మీటరుకు వాడకండి. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది, గొట్టంలో తారు అంటుకుంటే ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. వేడెక్కిన జింకు పూత పొగ పీల్చడం ఆరోగ్యానికి చేటు. కిందిభాగం 2 మిల్లీమీటర్ల మామూలు ఇనుప రేకుతోనో, స్టెయిన్‌లెస్‌తోనో చేయించండి.

గోడ, రేకు, బోల్టు

ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించడం మన ఇళ్ళలో అలవాటు. నైలాన్ ప్లగ్గు 80 దాటితే జారడం మొదలు, 220 దగ్గర కరుగుతుంది. తీసి చూస్తే అంచులు గోధుమరంగుకు తిరిగి, స్క్రూ గాట్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. బోల్టును గోడలో అతికించడానికి ట్యూబులో వచ్చే కెమికల్ యాంకరూ మామూలు రకమైతే 80 దగ్గర ఆగిపోతుంది. వేడి చోట మెటల్ యాంకరే వాడాలి. కాంక్రీటు పలకకు వెడ్జి రకం, ఇటుక గోడకు స్లీవు రకం. వెడ్జి యాంకరును ఇటుకలో బిగిస్తే ఇటుక చీలుతుంది. బెజ్జం ఇటుక నడుమ వేయండి, సందులో వద్దు. గోడ పల్చనిదైతే ఆ పక్కదాకా బోల్టు దూర్చి అటు నాలుగంగుళాల పలక, వాషరు, నట్టు బిగించడం మంచిది.

నట్లలో లోపల నైలాన్ రింగున్నది 120 లోపే. దాని బదులు రెండు నట్లు ఒకదానిపై ఒకటి బిగించండి. మర మీద గ్రాఫైటు పూత రాస్తే ఏడాది తర్వాత కూడా విప్పగలుగుతారు, లేకపోతే కోయాల్సిందే.

చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ తలుపులు పొయ్యికి ఎంత దూరం ఉండాలన్నది అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 211 స్పష్టంగా చెప్పింది: ధ్రువీకరణ లేని, వేడి వెదజల్లే పొయ్యికి 36 అంగుళాలు, ఒంటిపొర గొట్టానికి 18 అంగుళాలు. మన దగ్గర దీన్ని ఎవరూ అడగరు కాబట్టి మనమే పాటించాలి. ఏళ్ళ తరబడి వేడి తగిలిన చెక్క మెల్లగా మసిబారి, మొదట్లోకన్నా చాలా తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది.

చోటు తక్కువైతే రేకు అడ్డం పెట్టాలి. ఒక మిల్లీమీటరు రేకును గోడకు 25 మిల్లీమీటర్ల దూరంలో నిలబెట్టండి. అరంగుళం జీఐ గొట్టాన్ని 25 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, వాటిలోంచి బోల్టు దూర్చితే దూరం దానంతట అదే నిలుస్తుంది. ఈ ముక్కలు పొయ్యికి సరిగ్గా ఎదురుగా రాకుండా అంచుల వైపు పెట్టండి, వాటిగుండానే వేడి గోడలోకి పోతుంది. కింద, పైన అంగుళం చొప్పున తెరిచి ఉంచాలి. కింద నుంచి చల్లగాలి దూరి, వేడెక్కి, పైకి పోతుంటేనే రేకు పని చేస్తుంది. అందంగా ఉంటుందని ఆ సందును పుట్టీతో మూసేస్తే రేకు ఉన్నా లేనట్టే.

గ్రానైటు, కడప పలక వెనక గోడకు ఆనించాలంటే అతికించడంతో సరిపెట్టకండి. కింద అంచుకు ఇనుప కోణం మీద కూర్చోబెట్టి, పైన క్లిప్పులు వేసి, మధ్యలో టైలు గమ్ము. పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి. నిప్పు నేరుగా తగిలే చోట గ్రానైటు అసలు వాడొద్దు, అందులోని పలుగురాయి (క్వార్ట్జ్) గుణం 573 దగ్గర మారి రాయి పెచ్చులూడుతుంది. కరెంటు వైరు, గ్యాసు గొట్టం ఈ గోడ వైపు లేకుండా చూడటం చెప్పక్కర్లేదు కానీ, పాత వంటశాలల్లో తరచూ కనపడే తప్పు ఇదే.

పైకప్పు దాటే చోట

కాంక్రీటు పలకకు గొట్టం తాకకూడదు. పది అంగుళాల గొట్టం ముక్కను తొడుగులా పలకలో నిలిపి, మధ్యలో ఆరంగుళాలది పెట్టి, చుట్టూ రెండంగుళాల ఖాళీలో సెరామిక్ దుప్పటి నింపండి. పైన వానగొడుగు అంచుకు ఎర్ర సిలికాన్ పూయొచ్చు, అక్కడికి గొట్టం చల్లబడి ఉంటుంది. పూసేముందు మీటరుతో చూసుకోండి.

ఆస్బెస్టాస్ రేకు కప్పు అయితే దాన్ని పొడిగా కోయొద్దు, డ్రిల్లు చేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. నీళ్ళు చల్లుతూ, మంచి మాస్కుతో చేయించాలి, ముక్కలను చెత్తలో పారేయకుండా సంచిలో కట్టి ఉంచాలి. కుదిరితే ఆ ఒక్క రేకు పూర్తిగా తీసి ఇనుప రేకు వేయించండి. తాటాకు పందిరి, ఫైబర్ షీటు కింద పొయ్యి వద్దే వద్దు.

పొయ్యి తలుపు చుట్టూ ఉండే తాడు పాతదై, తెల్లటి ధూళి రాలుతుంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. గీకకుండా తడిపి తీయాలి. కొత్తది సెరామిక్ లేదా గాజు ఫైబర్ తాడు, గాడి నిండేంత లావుది తెచ్చుకుని సోడియం సిలికేటు గమ్ముతో పెట్టండి.

మొదటి మంటలు

కట్టిన తర్వాత నీడలో రెండు రోజులు, వర్షాకాలమైతే నాలుగు రోజులు ఆరనివ్వండి. తర్వాత పుల్లలతో అరగంట చిన్న మంట, చల్లారనివ్వడం. మర్నాడు గంట. మూడోనాడు సన్న కట్టెతో రెండు గంటలు. నాలుగో రోజు సరివి, తుమ్మ మొద్దులు పెట్టొచ్చు. ఈ రోజుల్లో సందుల్లోంచి ఆవిరి, బయటి గోడ మీద చెమ్మ మచ్చలు రావడం మామూలే. చెమ్మ ఆగిపోయేదాకా మంట పెంచొద్దు. తొందరపడితే లోపల నీరు ఆవిరై ఇటుక ముఖాన్ని ముక్కలుగా విసురుతుంది. వెంట్రుకంత పగుళ్ళు పట్టించుకోనక్కర్లేదు. రేజర్ బ్లేడు దూరేంత ఉంటేనే గీకి, తడిపి మళ్ళీ పూయండి.

నీట మునిగిన పొయ్యి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినట్టు, ఎప్పుడైనా మునిగితే సిలికేటు మోర్టారు కరిగి పట్టు వదిలి ఉండొచ్చు. బూడిద, బురద తీసి, వారం ఆరబెట్టి, తాపీ వెనకభాగంతో ఒక్కో ఇటుకనూ తట్టండి. గట్టిగా మోగితే వదిలేయండి. బొళ్ళుమంటే ఆ ఇటుకను తీసి, పాత మోర్టారు గీకి, కొత్తగా కూర్చోబెట్టండి. ఇటుకల వెనకున్న సెరామిక్ దుప్పటి బురద పీల్చి ఉంటే దాన్నీ మార్చాలి. ఆ తర్వాత పుల్లల మంట దగ్గర్నుంచి మళ్ళీ మొదలు.